40 మందితో ఒక్కరోజు గుట్టనడక: వరుస తెగకుండా, పొద్దుగూకకముందే దించేదెలా?

మూసీనడక అడిగారు:

హైదరాబాద్‌లో మాదొక చిన్న నడకల క్లబ్బు. నెలకో ఆదివారం బయటికి వెళ్తాం. ఇంతవరకూ భువనగిరి కోట లాంటి మెట్లున్న చోట్లే ఎంచుకున్నాం. ఈ నవంబరు చివర్లో రాచకొండ, ఆ తర్వాత వికారాబాద్ అనంతగిరి పెట్టాలని ఆలోచన. పేర్లిచ్చినవాళ్ళు 40 మంది. 14 ఏళ్ళ పిల్లల నుంచి 62 ఏళ్ళ పెద్దాయన దాకా ఉన్నారు. రాచకొండలో అనుకున్న దారి చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. 11 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 300 మీటర్లు.

కాగితం మీద రాసుకున్నది ఇదీ: ఉప్పల్‌లో 6:30కి బస్సు, 9కి నడక, 1 గంటకు పైన భోజనం, 5కి కింద. దారి తెలిసినవాళ్ళం నలుగురం ఉన్నాం. మెట్ల దారిలోనే మొదటి మనిషికీ చివరి మనిషికీ ముప్పావు గంట తేడా వస్తోంది, పొదల్లో ఇంకెంత వస్తుందో. నలుగురం ఎక్కడెక్కడ నడవాలి? ఈ టైము సరిపోతుందా? నీళ్ళు, మందుల డబ్బా ఏ లెక్కన పట్టుకెళ్ళాలి? అనుమతి ఎవరి దగ్గర?

---

రాతిగుట్ట:

ముందు టైము సంగతి చూద్దాం, మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

నడకకు పాత లెక్క ఒకటుంది, 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన వేసింది. చదునులో గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట. మీ దారికి అది 2 గంటల 42 నిమిషాలు. అయితే ఇది ఒంట్లో సత్తువున్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే. గుంపుకు, అందులోనూ బండరాళ్ళ మధ్య, నేనైతే 1.75తో గుణిస్తాను. దాదాపు 4 గంటల 45 నిమిషాలు వస్తుంది. భోజనానికి 45 నిమిషాలు, నాలుగు చోట్ల పదేసి నిమిషాలు కలిపితే 6 గంటలు దాటింది. 9కి మొదలైతే 3:10కి కింద ఉంటారు. కాగితం మీద ఢోకా లేదు.

కానీ 40 మందితో 9 అంటే 9 కాదు. ఒకరిద్దరు ఆలస్యంగా వస్తారు, టిఫిన్‌కు బస్సు ఆపాలి, బాత్రూంల దగ్గర లైను కడతారు, నాలుగు మాటలు చెప్పాలి. అడుగు పడేసరికి పావు తక్కువ పదవుతుంది. దిగేసరికి 4. ఆ రోజుల్లో మన దగ్గర పొద్దుగూకేది 5:40 ప్రాంతంలో, రెండు గుట్టల నడుమ వెలుగు ఇంకా ముందే తగ్గుతుంది. అంటే చేతిలో మిగిలింది గంటన్నర. సగం దారిలో ఒకరి మడమ బెణికిందనుకోండి. కుంటుకుంటూ గంటకు కిలోమీటరు నడిచినా, మిగిలిన 5 కిలోమీటర్లకు 5 గంటలు. చీకట్లో పడ్డట్టే.

కాబట్టి బస్సు 5:15కి కదలాలి, నడక 7:30కి. టిఫిన్ కట్టించి బస్సులోనే ఇచ్చేయండి, హోటల్ దగ్గర ఆపితే ముప్పావు గంట పోయినట్టే.

చుట్టు దారికి ఇంకో చిక్కుంది. పోయిన దారినే తిరిగొచ్చే నడకలో ఫలానా టైముకు ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి అనొచ్చు. చుట్టు దారిలో సగం దాటాక వెనక్కి తిరిగితే దూరం పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే మ్యాపు మీద సగానికి కాస్త ముందు ఒక చోటు గుర్తుపెట్టుకోండి. 10:15 కల్లా చివరి మనిషి అక్కడికి చేరకపోతే అందరూ వెనక్కే. ఈ మాట బస్సులోనే చెప్పాలి. పైకెళ్ళాక చెబితే బేరాలు మొదలవుతాయి. సగం తర్వాత ఊళ్ళోకి దిగే బండ్లబాట ఎక్కడ తగులుతుందో కూడా గుర్తుంచుకుని, బస్సు డ్రైవరుకు ఆ చోటు చూపించండి.

1 గంటకు బోడి బండ మీద సద్ది విప్పొద్దు. రాయి బాగా కాలి ఉండే వేళ, తిన్నాక ఎవరూ లేవరు. దిగేటప్పుడు నీడ దొరికే చోట 11:30కి తినిపించండి.

---

కంచెదాటి:

నలుగురికి 40 మంది ఎక్కువ అన్నా. ఒక ముందుమనిషి, ఒక చివరిమనిషి ఉంటే పొదల దారిలో 12–15 మందిని చూసుకోవచ్చు. నలుగురంటే రెండు జట్లు, 30 మంది. మిగతా పదిమందికి వచ్చే నెల అని చెప్పండి. ఇప్పుడు కాస్త అలిగినా ఫర్వాలేదు. జట్ల మధ్య పది నిమిషాల ఎడం పెట్టండి.

వరుస సాగిపోవడానికి అసలు కారణం ముందువాళ్ళ వేగం కాదు, ఆగే తీరు. ముందువాళ్ళు ఆగి పది నిమిషాలు కూర్చుంటారు. వెనకవాళ్ళు రొప్పుతూ చేరగానే 'వచ్చేశారుగా' అని లేస్తారు. బాగా అలిసిన మనిషికే విశ్రాంతి లేదు. మూడుసార్లు ఇలా జరిగితే ఆ మనిషి పూర్తిగా కూలబడతాడు. చివరివాళ్ళు వచ్చి బ్యాగు దించాకే పది నిమిషాల లెక్క మొదలుపెట్టండి. అందరికంటే నెమ్మదైనవాళ్ళను ముందుమనిషి వెనకాలే మూడోనాలుగో స్థానంలో నడిపించండి. మరీ మొదట పెడితే వెనకనుంచి తరుముతున్నట్టు అనిపించి తొందరపడతారు.

తలలు చూపుతో లెక్కపెట్టొద్దు. ఒకటి నుంచి నంబర్లిచ్చి పిలిపించండి. ఆగిన ప్రతిచోటా, కదిలే ముందు. ఒంటికో రెంటికో పక్కకు వెళ్ళేవాళ్ళు బ్యాగు దారి మీదే వదిలి వెళ్ళాలి. బ్యాగు కనబడితే చివరిమనిషి దాన్ని దాటి పోడు. గుంపుల్లో మనుషులు తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఈలలు అందరికీ కొనివ్వండి. ఒకటి ఆగండి, రెండు నా దగ్గరికి రండి, మూడు ప్రమాదం. బయల్దేరే ముందు ఒకసారి ఊది వినిపించాలి. నడిచే దారి గీసి ఉన్న మ్యాపు ఫైలు కనీసం ముగ్గురి ఫోన్లలో ఆఫ్‌లైన్‌లో ఉండాలి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఫోన్లు బ్యాటరీ తినేస్తాయి, విమానం మోడ్‌లో పెట్టించండి.

---

శేషాచలంవాసి:

రెండు జట్ల మాట నాకు నచ్చలేదండీ. వెనక జట్టు దారి తప్పితే ముందు జట్టుకు గంట దాకా తెలియదు. సిగ్నల్ లేని చోట మరీ ఇబ్బంది. 30 మందైనా ఒకే వరుసగా, రెండోమనిషి పద్ధతిలో నడపడమే మేలు.

పద్ధతి చాలా సులువు. దారి చీలిన ప్రతిచోటా ముందుమనిషి తన వెనకాల ఉన్నవాళ్ళను అక్కడ నిలబెట్టి ముందుకెళ్తాడు. వాళ్ళు వచ్చేవాళ్ళందరికీ ఎటు వెళ్ళాలో చూపించి, చివరిమనిషి రాగానే ఆయనతో కలుస్తారు. తర్వాతి చీలిక దగ్గర ఆ వంతు మరొకరిది. ఇది చెడేది రెండు కారణాల వల్ల. నిలబడ్డవాళ్ళు విసుగొచ్చి కదిలిపోతారు, లేదా చివరిమనిషి ఎవరో వాళ్ళకు తెలియదు. చివరిమనిషికి నారింజ రంగు జాకెట్ వేసి, పొద్దున్నే అందరి ముందు నిలబెట్టి చూపించండి. చీలిక దగ్గర ఒక్కరిని కాదు, ఇద్దరిని నిలబెట్టండి. పిల్లల్ని పెట్టొద్దు. మిగిలిన ఇద్దరు నాయకులు వరుస మధ్యలో అటూ ఇటూ తిరుగుతుండాలి.

మా వైపు తిరుమల అడవుల్లో తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి, రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమికి జనం బారులు తీరి నడుస్తారు. అక్కడ దారి పొడవునా మనుషులుంటారు కాబట్టి తప్పిపోయే భయం తక్కువ. మీకు ఆ వెసులుబాటు లేదు, చీలికల దగ్గర మనుషుల్ని మీరే నిలబెట్టుకోవాలి.

---

పట్టీలడబ్బా:

నీళ్ళు: నవంబరు–జనవరిలో మనిషికి 3 లీటర్లు, ఫిబ్రవరి నుంచి 4. దారిలో కనిపించే కోట కోనేళ్ళ నీళ్ళను లెక్కలోకి తీసుకోవద్దు. 30 మందికి 90 లీటర్లు. ఎవరి 3 లీటర్లు వాళ్ళ వీపు మీదే ఉండాలి. దిగాక తాగడానికి రెండు 20 లీటర్ల క్యాన్లు బస్సులో ఉంచండి. బయల్దేరే ముందు సీసాలు చూపించమనండి. 'ఉంది' అనే మాట నమ్మితే మధ్యలో ఒక లీటరు సీసాలు బయటపడతాయి. దూప అయ్యేదాకా ఆగకుండా అరగంటకోసారి తాగించాలి.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళకే. అర లీటరు సీసాలో పూర్తి ప్యాకెట్ కలిపితే మరీ చిక్కనై కడుపు తిప్పుతుంది, విరేచనాలు పట్టుకోవచ్చు. చాలామంది చేసే పొరపాటిదే. 15 ప్యాకెట్లు చాలు.

సద్దికి పులిహోర, చపాతీ, పల్లీ పట్టీ. వేడివేడిగా డబ్బాలో మూతపెట్టిన పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. బిర్యానీ దూప పెంచుతుంది. అనంతగిరిలో గుడి దగ్గర కోతులు ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే చాలు లాక్కుంటాయి, తిండి బ్యాగు లోపలే ఉండాలి.

డబ్బాలో ముఖ్యమైనవి: 15 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు మూడు, ముక్కోణపు గుడ్డలు నాలుగు, గాయం మీద వేసే గాజ్ గుడ్డ, టేపు, బెటడిన్, కత్తెర, పట్కారు, కాలో చెయ్యో కదలకుండా కట్టే మడిచే స్ప్లింట్ ఒకటి, పారాసిటమాల్, అలర్జీకి సెటిరిజిన్. అలర్జీలున్నాయేమో అడగకుండా మాత్ర ఇవ్వొద్దు. ఆస్తమా, గుండె, షుగరు ఉన్నవాళ్ళు మందులు వెంట తెచ్చుకుని, ఏ జేబులో పెట్టారో చివరిమనిషికి చెప్పాలి.

ఎండదెబ్బ: తలనొప్పి, వాంతి వరకు నీడ, నీళ్ళు, విశ్రాంతి చాలు. మాట తడబడితే, లేదా తిక్కగా ప్రవర్తిస్తే, అప్పటికి చెమట పడుతున్నా సరే, అది ప్రాణం మీదికి వచ్చినట్టే. నీళ్ళు ఒళ్ళంతా పోసి విసురుతూనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్ళు పోయొద్దు.

పాము: కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాటు పడ్డ కాలు కదలకుండా స్ప్లింట్ కట్టి, నడిపించకుండా మోయండి. పామును చంపి తేనక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే. మొదటి విడతకే 8–10 వయల్స్ (చిన్న మందు సీసాలు) పట్టొచ్చు కాబట్టి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి శనివారమే ఫోన్ చేసి ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి అని అడగండి. నలుగురు మోస్తే మరో నలుగురు సిద్ధంగా ఉండి, కొద్ది నిమిషాలకోసారి మారాలి. పెద్ద గుంపుకున్న ఒకే ఒక్క లాభం ఇది.

తేనెటీగలు: పాముకంటే వీటికే నేను ఎక్కువ భయపడతాను. చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టుల కింద పొగ, అరుపులు, డ్రోన్ వద్దు, ఆ రోజు ఒంటికి సెంటు కూడా వద్దు. లేస్తే చేతులు ఆడించకుండా మొహం కప్పుకుని పరుగే. అక్కడే కూర్చుండిపోతే కుడుతూనే ఉంటాయి. ముళ్ళను గోటితోనైనా వెంటనే గీకి తీసేయండి. మొహం వాచినా ఊపిరి అందకపోయినా ఆసుపత్రికే.

చలికాలంలో దూలగొండి కాయల నూగు ఒంటికి తగిలితే గోకొద్దు, గోకిన కొద్దీ లోపలికి దిగుతుంది. మందుల టేపును అతికించి లాగితే నూగు ఊడొస్తుంది. పిడుదుల కోసం ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి.

---

నల్లమలవైపు:

అనుమతి గురించి. రిజర్వు ఫారెస్టులో ఏ దారికైనా జిల్లా అటవీ కార్యాలయానికి ముందే అర్జీ పెట్టండి. తేదీ, మనుషుల సంఖ్య, నడిచే దారి మ్యాపు, బస్సు నంబరు, బాధ్యుడి ఫోన్ రాయాలి. 'ట్రెక్కింగ్' అని ఒక్క ముక్క రాస్తే ఆఫీసులో పక్కన పడేస్తారు. రెండు వారాల ముందు ఇచ్చి, మనిషి వెళ్ళి అడిగితేనే కదులుతుంది. రాచకొండ కోట చుట్టూ ఉన్నదీ ఎక్కువ అడవే, ఊళ్ళోవాళ్ళు వద్దనలేదు కదా అని వెళ్ళొద్దు. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం జూలై నుంచి సెప్టెంబరు దాకా పర్యాటకులకు మూసే ఉంటుంది.

ఫిబ్రవరి దాటాక ఎండుగడ్డి కొండల మీదికి గుంపును తీసుకెళ్ళొద్దు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి దగ్గర కార్చిచ్చులో నడకకు వెళ్ళినవాళ్ళు 20 మందికి పైగా పోయారు. నిప్పు వాలు మీద పైకి మనిషికంటే వేగంగా ఎక్కుతుంది. పొగ కనబడితే పైకి కాదు, పక్కకు, గడ్డి లేని బండ మీదికో ఇదివరకే కాలిన నేల మీదికో పోవాలి.

రాచకొండలో ఊరి గొర్ల కాపరిని ఒకరిని వెంట పెట్టుకోండి. ఆ రోజుకు పోయే కూలీకి తక్కువ కాకుండా ఇచ్చి, సద్ది కూడా ఆయనకు మీరే పెట్టండి. మీ ఫోన్‌లో లేని అడ్డదారి ఆయనకు తెలుసు.

పేరు ఇచ్చేటప్పుడే వయసు, ఇంటివాళ్ళ ఫోన్, రక్తం గ్రూపు, ఉన్న జబ్బులు రాయించి, ఒక ప్రతి బస్సులో, ఒకటి సిటీలో ఉండే మనిషి దగ్గర ఉంచండి. సాయంత్రం 6 దాకా కబురు రాకపోతే 112కి చేయాల్సింది ఆ సిటీ మనిషే. 'ఏం జరిగినా నాదే బాధ్యత' అని సంతకం తీసుకుంటే మీ నిర్లక్ష్యం మాఫీ అయిపోదు.

---

మూసీనడక:

అందరికీ ధన్యవాదాలు. 28 మందికి కుదించాం, ఒకే వరుస, రెండోమనిషి పద్ధతి. బస్సు 5:15, నడక 7:30, 10:15కి నిర్ణయం. కాపరి కోసం ఊళ్ళో మాట్లాడుతున్నాం. ఒక్క సందేహం మిగిలింది. గంట నడిచాక ఎవరైనా 'నావల్ల కాదు, బస్సు దగ్గర కూర్చుంటా' అంటే?

---

కంచెదాటి:

ఒంటరిగా పంపొద్దు, ఇద్దరిని కూడా వద్దు. ముగ్గురు వెళ్ళాలి, అందులో ఒకరు దారి తెలిసిన నాయకుడు. దారిలో ఒకరు పడిపోతే ఒకరు దగ్గరుంటారు, ఒకరు సాయానికి వెళ్తారు. నలుగురు నాయకుల్లో ఒకరు ఇలా తగ్గితే ముగ్గురితో నడక సాగించొచ్చు. ఇంకొకరు కూడా ఆగిపోతే మొత్తం గుంపు వెనక్కే. అందుకే మొదటి 40 నిమిషాలయ్యాక ఒకసారి ఆగి, దిగిపోయేవాళ్ళెవరో అప్పుడే అడిగేయండి. అప్పటికి బస్సు ఇంకా రెండు కిలోమీటర్లలోపే ఉంటుంది. చెప్పులతో వచ్చినవాళ్ళను అంతదాకా కూడా రానివ్వొద్దు, బస్సు దగ్గరే ఆపేయండి.