అప్‌డేట్: సిమిలిపాల్ నల్లపులికి వేరే శాస్త్రీయ నామం ఉందా?

సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఒడిశాలోని సిమిలిపాల్ నల్లపులులకు ప్రత్యేక శాస్త్రీయ నామం ఉందా అని అడిగాను, లేదని తేలింది. అవి కూడా మామూలు బెంగాల్ పులుల్లాగే పాంథెరా టైగ్రిస్ టైగ్రిస్‌ కిందికే వస్తాయి, ఎందుకంటే ఉపజాతి కంటే దిగువనుండే రంగు భేదాలకు ఎవరైనా లాటిన్ పేరు పెట్టినా, జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళి దానిని లెక్కలోకి తీసుకోదు. అందుకే మా అబ్బాయి స్కూలు చార్టులో ఆ పేరే రాయించి, పక్కన ‘సూడోమెలనిస్టిక్’ (నలుపెక్కినట్టు కనిపించేది) అని చేర్పించాను.

ఇక్కడ బెంగళూరులోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉమా రామకృష్ణన్ బృందం 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, దీనికి మూలం టాక్‌పెప్ అనే జన్యువులోని మార్పు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించినప్పుడే చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఫొటోను పెద్దది చేసి చూస్తే, వీపు దాదాపుగా నల్లబడినా, చారల సందుల్లో నారింజ రంగు తొంగిచూస్తూనే ఉంటుంది. ఒళ్లంతా నలుపెక్కే అసలు మెలనిజం ఇది కాదు.

ఇదే జన్యువులో మార్పు వల్ల చుక్కలు కలిసి పెద్ద మచ్చలుగా, చారలుగా ఏర్పడే ‘కింగ్ చీతా’కు మాత్రం 1927లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పొకాక్ అసినానిక్స్ రెక్స్ అంటూ ఏకంగా కొత్త జాతి పేరే పెట్టేశారు, ఆయన కాస్త తొందరపడ్డారనే నాకనిపిస్తుంది. 1981లో దక్షిణాఫ్రికాలో మామూలు చుక్కల చీతాకే అటువంటి పిల్ల పుట్టడంతో ఆ వాదనకు తెరపడింది.