అండర్‌టేల్: అండైన్‌ని చంపకుండా ఫైట్ ఎలా ముగించాలి?

ఇంతవరకు గేమ్‌లో ఒక్కరినీ చంపలేదు, అందుకే ఎల్‌వీ (చంపేకొద్దీ పెరిగే లెవెల్) ఇంకా 1, హెచ్‌పీ (ప్రాణశక్తి) 20. వాటర్‌ఫాల్ అనే ప్రాంతం చివర్లో బాస్ అండైన్ దగ్గర నిన్న రాత్రి నుంచి ఇరుక్కుపోయాను, పదిహేను సార్లు పైనే చచ్చుంటాను. హార్ట్ (ఫైట్‌లో నేను కదిపే గుర్తు) ఆకుపచ్చగా మారాక ఈటెల్ని అడ్డుకోవడం వచ్చేసింది, పసుపువి మాత్రం ఎదురుగా వస్తున్నట్టే వచ్చి చటుక్కున వెనక్కి తిరిగి పొడుస్తాయి (వాటికి అవతలి వైపు కీ నొక్కాలని ఆరుసార్లు చచ్చాక గానీ అర్థం కాలేదు!). ప్లీడ్ చేశా, ఛాలెంజ్ చేశా, ప్రతి టర్న్‌లో స్పేర్ (శత్రువుని వదిలేయడం) నొక్కుతూ గెర్సన్ కొట్లో కొన్న క్రాబ్ ఆపిల్స్ అన్నీ తినేశా. ఏమీ మారట్లేదు. మధ్యలో కాసేపు హార్ట్ ఎర్రగా అవుతుంది, తప్పించుకుంటూ ఉంటే మళ్లీ ఆకుపచ్చే. ఆమెని చంపకుండా బయటపడాలంటే ఆ ఎరుపు టర్న్‌లలో ఏం నొక్కాలి?