బ్యాటు తిరగేసి పట్టుకునే పిల్లాడు: హాంక్ ఆరోన్ సంగతి నిజమేనా?

అంబాజీపేట అమ్మ:
మాది అంబాజీపేట దగ్గరండి. మా వాడికి పన్నెండేళ్లు. కొబ్బరి మట్ట చెక్కి బ్యాటు చేసుకుని పొద్దుగూకేదాకా తోటలోనే ఆడతాడు. కుడిచేతి వాటమే గానీ పిడి మీద చేతులు తిరగేసి పెడతాడు, కుడి చేయి పైన, ఎడమ చేయి కింద. వేసవి క్యాంపులో సారు అందరి ముందు "ఇలాగైతే నీకు ఆట రాదు" అన్నారట, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. అమెరికాలో ఉన్న మా మరిది ఫోన్లో ఈ మాట విని, "హాంక్ ఆరోన్ అని పెద్ద బేస్‌బాల్ ఆటగాడు కూడా అలాగే పట్టుకునేవాడు వదినా, వాణ్ణి వదిలేయండి" అన్నాడు. నిజమేనా? ఎవరాయన? మావాడి పట్టు మార్పించాలా వద్దా?

కాకినాడ రేవు:
నిజమేనండి, కానీ మీ మరిదిగారు సగమే చెప్పారు. ఆరోన్ 1934లో అలబామా రాష్ట్రంలో మొబైల్ అనే ఓడరేవు ఊళ్లో పుట్టాడు. బ్యాటూ బంతీ కొనే స్థోమత లేని ఇల్లు. కర్ర పట్టుకుని సీసా మూతల్ని కొడుతూ ఆట నేర్చుకున్నాడు. విసిరిన మూత గాల్లో ఎటు వంగుతుందో ఎవరికీ తెలీదు, చూపు అక్కడే కుదిరిందని నా నమ్మకం. చేతులు తిరగేసి పట్టడం అప్పటి అలవాటే. 1952లో, పద్దెనిమిదేళ్లకి, నల్లజాతి ఆటగాళ్ల జట్టు ఇండియనాపొలిస్ క్లౌన్స్‌లో ఆడుతున్నప్పుడు మార్చుకున్నాడు. పెద్ద లీగ్‌లో కొట్టినదంతా మార్చుకున్న పట్టుతోనే. అందుకని మార్పించండి, కాకపోతే నెమ్మదిగా, పదిమందిలో కాదు.

భీమవరం ఆటపిచ్చి:
ఆరోన్ అంటే నాకు ప్రాణం, కాస్త పొడుగ్గానే రాస్తాను. 1954లో మిల్వాకీ బ్రేవ్స్ అనే పెద్ద లీగ్ జట్టుకి వచ్చి 1976 దాకా 23 సీజన్లు ఆడి 755 హోమ్ రన్లు కొట్టాడు (మన సిక్సర్ లాంటిదే అనుకోండి). ఇందులో నన్ను కట్టిపడేసేది ఏమిటంటే, ఏ ఒక్క ఏడాదీ యాభై కొట్టలేదు, ఎక్కువలో ఎక్కువ 47, అదీ 1971లో, ముప్పై ఏడేళ్ల వయసులో. ఏటా పంట తీసినట్టు తీసుకుంటూ పోయాడంతే. బేబ్ రూత్ అనే పాతతరం తెల్లజాతి ఆటగాడి 714 హోమ్ రన్ల రికార్డుకి ఒక్కటి తక్కువలో, 713 దగ్గర 1973 సీజన్ ముగిసింది. ఆ చలికాలమంతా, ఒక నల్లవాడు రూత్‌ని దాటడమేమిటని చంపుతామనే ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. 1974 ఏప్రిల్ 8 రాత్రి అట్లాంటాలో, ఆల్ డౌనింగ్ వేసిన బంతిని కంచె దాటించాడు, 715. పరుగు పూర్తయ్యాక వాళ్లమ్మ మైదానంలోకి వచ్చి కొడుకుని గట్టిగా వాటేసుకుంది. 2007లో బ్యారీ బాండ్స్ అనే ఆటగాడు 755ని దాటాడు, కానీ తన దెబ్బలతో జట్టుకి తెచ్చిన పరుగుల లెక్క 2,297 మాత్రం ఇప్పటికీ ఆరోన్‌దే రికార్డు.

రాజోలు నుంచి:
ఉత్తరాల కంటే ముందు మాట ఒకటుందండి. క్లౌన్స్‌తో తిరిగే రోజుల్లో వాషింగ్టన్‌లో ఒక హోటల్లో జట్టంతా టిఫిన్ చేశారు, తినడం అయ్యాక లోపల వంటగదిలో వాళ్లు తిన్న ప్లేట్లు పగలగొడుతున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఆయన పెద్దయ్యాక కూడా మర్చిపోలేదు. మా తాతకి టీ కొట్టు బయట చూరుకి వేలాడదీసిన వేరే గ్లాసులో టీ పోసేవారు, తాగి తనే కడిగి పెట్టేవాడు. అందుకే ఆరోన్ గురించి ఎవరైనా అంకెలు చెప్తుంటే నాకు ముందు ఆ ప్లేట్లే గుర్తొస్తాయి. మీ పిల్లాడికి అది కూడా చెప్పండి, పన్నెండేళ్లకి అర్థమవుతుంది.

అంబాజీపేట అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్సండి. రాత్రి అన్నం పెడుతూ అంతా చదివి వినిపించాను. ప్లేట్ల దగ్గర ముద్ద ఆపేసి, "వాళ్లు డబ్బులిచ్చారా అమ్మా?" అని అడిగాడు, ఇచ్చే ఉంటారురా అన్నాను. పొద్దున్నే కాలవ గట్టు మీద కిళ్లీ కొట్టుకి వెళ్లి జేబు నిండా కూల్‌డ్రింకు మూతలు తెచ్చుకున్నాడు. చెల్లెలు విసురుతుంటే కొడుతున్నాడు. ఎడమ చేయి పైకి పెట్టి నాలుగు కొడతాడు, అయిదోదానికి మళ్లీ కిందకి జారిపోతోంది.