నోవిషియేట్‌లో కొత్త పేరు: ఉండాలా, జ్ఞానస్నానం పేరు చాలదా?

మూడోగంట:
బెంగళూరులో ఉన్న నోవిషియేట్‌లకు (సిస్టర్ కాబోయేవాళ్ళు శిక్షణ పొందే మఠాలకు) ఆంధ్ర, తెలంగాణ విచారణల (చర్చి పరిధుల) నుంచి అమ్మాయిలు వస్తూనే ఉన్నారు. కొన్ని సభల్లో (సిస్టర్ల సంస్థల్లో) నోవిషియేట్‌లో అడుగుపెట్టిన రోజే కొత్త పేరు. కొన్నిట్లో మొదటి మాటపట్టు (మఠ వ్రతాలు తీసుకునే) రోజున. మరికొన్నిట్లో ఆ ఊసే లేదు, ఇంట్లో పిలిచిన పేరే మఠంలోనూ. పేరు మార్చే చోట పద్ధతి చాలావరకు ఒకటే: అమ్మాయి మూడు పేర్లు వరుసగా రాసిస్తుంది, పెద్ద సిస్టర్లు అందులో ఒకటి ఖాయం చేస్తారు, ప్రొవిన్సులో (సభ ప్రాంతీయ శాఖలో) అప్పటికే ఆ పేరుగల వాళ్ళుంటే రెండోది చూస్తారు.

ఇది ఇప్పటికీ అవసరమా? అవసరమైతే ఎప్పుడు, ఏ కాగితాల దాకా? "మొదట్నుంచీ ఉంది కాబట్టి" అనకండి. "1960ల నాటి సంస్కరణల సభ, రెండో వాటికన్ మహాసభతో అవన్నీ పోయాయి" అనీ అనకండి. రెండూ సగం నిజాలే.

మల్లేశ్వరం మెట్లు:
అక్కర్లేదనే పక్షం నాది. 1983 కతోలిక శ్రీసభ చట్టంలో సమర్పిత జీవితం గురించిన భాగం 573 నుంచి 746వ సూత్రం దాకా. నోవిషియేట్‌కు కనీసం 12 నెలలని ఉంది, నిత్య (జీవితాంతపు) మాటపట్టుకు 21 ఏళ్ళు నిండాలని ఉంది, ఆస్తికి వీలునామా రాయాలని కూడా ఉంది. పేరు మార్చుకోవాలని ఎక్కడా లేదు. మఠాల కోసం పునీత బెనెడిక్ట్ రాసిన అంత పాత నియమావళి తీయండి. 58వ అధ్యాయంలో కొత్తవాణ్ణి చేర్చుకునే తంతంతా ఉంది: స్వహస్తంతో రాసిన పత్రం బలిపీఠం మీద పెట్టడం, సొంత బట్టలు విప్పి మఠం బట్టలు తొడగడం. పేరు మార్పు అందులోనూ లేదు.

ఇక అసలు మాట. మఠ సమర్పణకు మూలం జ్ఞానస్నాన సమర్పణలోనే ఉందని 1965 అక్టోబరు 28 నాటి మహాసభ పత్రం 5వ పేరాలో చెప్పింది. శ్రీసభ బోధన గ్రంథమైన సత్యోపదేశం 2158, 2159 పేరాలైతే దేవుడు ఎవరిని పిలిచినా పేరు పెట్టే పిలుస్తాడు, ఆ పేరు నిత్యత్వానికీ ఉంటుంది అంటాయి. ఆ పేరు పక్కన పెట్టి మరొకటి ఎందుకు? జెస్విట్లు (యేసు సభవాళ్ళు) పేరు మార్చుకోరు, బిషప్పు కింద పనిచేసే మేత్రాసన గురువులు మార్చుకోరు. వాళ్ళ సమర్పణకు ఏం తక్కువైంది?

కార్మెలు గుమ్మం:
చట్టంలో లేదు కాబట్టి వద్దంటే ముసుగు రంగు కూడా చట్టంలో లేదు. అలాంటివన్నీ చట్టం ఆయా సభల సొంత నియమాలకు వదిలేసింది. వదిలేయడం వేరు, వద్దనడం వేరు.

కొత్త పేరు పాత పేరును తుడిచెయ్యదు, దాని మీద ఒక పని పెడుతుంది. కార్మెలు అనే ధ్యాన మఠాల సంప్రదాయంలో పేరు వెంట ఒక విశ్వాస రహస్యం ఉంటుంది: బాల యేసు తెరెసా, పరిశుద్ధ త్రిత్వ ఎలిజబెత్, సిలువ యోహాను. ఆ రెండో మాట అలంకారం కాదు, ఆ మనిషి జీవితాంతం ధ్యానించాల్సిన విషయం. మఠంలో సిలువ తెరెసా బెనెడిక్టా అయిన తత్వవేత్త ఎడిత్ స్టెయిన్ 1934 ఏప్రిల్ 15న కార్మెలు వస్త్రం తీసుకున్నప్పుడు 'సిలువ' అన్న మాట తానే కోరుకుంది. అబ్రాము అబ్రాహాము అయ్యాడు, సీమోను పేతురు అయ్యాడు, సౌలు పౌలు అయ్యాడు. పిలుపు వచ్చిన చోట పేరు మారడం బైబిలు అలవాటు.

పాతరిజిస్టరు:
సౌలును ఆ జాబితాలోంచి తీసెయ్యండి. అపోస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దమస్కు దారిలో మార్పు వచ్చింది. 13వ అధ్యాయం మొదట్లో కూడా అతను సౌలే. 13:9లో "పౌలు అనబడు సౌలు" అని వస్తుంది. అంటే ముందునుంచీ రెండు పేర్లు, యూదుల మధ్య ఒకటి, రోమీయుల మధ్య ఒకటి. ప్రసంగాల్లో ఈ పొరపాటు ఎన్నిసార్లు వింటామో! యాకోబు సంగతీ చూడండి: ఇశ్రాయేలు అని పేరు పెట్టాక కూడా గ్రంథం అతన్ని యాకోబు అని పిలవడం మానలేదు.

నాకు రెండు పేర్లతో గొడవ లేదు. ఏ పేరు ఎక్కడ రాయాలో తెలియకపోవడంతోనే గొడవ. మల్లేశ్వరం మెట్లు గారు చెప్పిన 58వ అధ్యాయంలోనే ఇంకో వాక్యం ఉంది, దాన్ని దాటేశారు. విప్పిన బట్టలు పారెయ్యకుండా బట్టల గదిలో దాచమంటుంది, ఎప్పుడైనా ఆ మనిషి వెళ్ళిపోతే తిరిగి ఇవ్వడానికి. పాత పేరును అలా దాచాలి.

విచారణ ఆఫీసులో జరిగేది చెప్తాను. నిత్య మాటపట్టు అయితే శ్రీసభ చట్టం 535వ సూత్రం ప్రకారం జ్ఞానస్నాన రిజిస్టరులో రాయాలి. సభ నుంచి ఉత్తరం వస్తుంది: "సిస్టర్ మేరీ ఫలానా మా సభలో నిత్య మాటపట్టు చేశారు, దయచేసి నమోదు చేయగలరు." రిజిస్టరు తెరిస్తే ఆ పేరే లేదు. అక్కడున్నది ఇంటిపేరు, జ్ఞానస్నానం పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. పక్కన రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ గడి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), పెళ్ళి, మాటపట్టు అన్నీ అందులోనే ఇరికించాలి. ఎవరి గడిలో రాయాలో తెలియక ఆ ఉత్తరం ఫైలులోకి పోతుంది. నిత్య మాటపట్టు పెళ్ళికి అడ్డంకి (1088వ సూత్రం), అందుకే ఆ గడి ఖాళీగా ఉండకూడదు. తర్వాత ఎప్పుడు జ్ఞానస్నాన పత్రం ఇచ్చినా ఆ నమోదు అందులో కనిపించాలి.

శౌరిబిడ్డ:
అసలు ఏ పేర్లు పెడుతున్నారన్నది ఎవరూ అడగలేదు. తెలుగు కతోలికుల పాత పేర్లు చూడండి. పేతురు అంటే రాయి, అందుకే రాయప్ప. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు, అందుకే చిన్నప్ప. ఇగ్నేషియస్ ఇన్నాసి అయి ఇన్నయ్య అయ్యాడు. జేవియర్ శౌరి అయ్యాడు. శౌరి కృష్ణుడి పేరు కూడా, అయినా ఏ విచారణలోనూ ఎవరికీ అభ్యంతరం రాలేదు. అరవదేశం మీదుగా వచ్చినా ఇవి మన నోటికి సరిపోయాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన శౌరమ్మకు బెంగళూరులో ముసుగుతోపాటు పలకలేని ఫ్రెంచి పేరు పెట్టి, అది సమర్పణకు గుర్తు అంటే ఎలా?

సంస్కృత పేర్లూ జవాబు కాదు. ఇంగ్లండు నుంచి వచ్చిన అలన్ గ్రిఫిత్స్ బెనెడిక్ట్ సభ సన్యాసి అయ్యాక బీడ్, భారతదేశంలో కాషాయం కట్టాక దయానంద. జనం నోట నిలిచింది నడిమి పేరే. దళిత క్రైస్తవుల్లో చాలామందికి ఆనంద, ప్రియ, జ్యోతి అన్న పేర్లు ఎవరి సంస్కృతి అన్న అనుమానం ఉంది, అది కొట్టిపారేసేది కాదు.

మూడోగంట:
శౌరిబిడ్డ గారూ, ఇంకో వాదన ఉంది కదా. కొత్త పేరుతో ఇంటిపేరు, చివరి 'రెడ్డి' పోతాయి కాబట్టి మఠంలో కులం కనపడదు అంటారు.

శౌరిబిడ్డ:
పేరులో కనపడదు. "ఏ ఊరు, ఏ విచారణ, విచారణలో ఏ పేట?" ఈ మూడు ప్రశ్నలతో మళ్ళీ కనపడుతుంది. కులాన్ని పేరుతో దాచొచ్చు అనుకునే సభ, పదవులు ఎవరికి పోతున్నాయో లెక్క చూసుకోవాల్సిన అవసరం లేదనుకుంటుంది. అందుకే ఈ వాదన నాకు నచ్చదు. పైగా కాగితాల దెబ్బ దళిత అమ్మాయికే ముందు తగులుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆమె సర్టిఫికెట్ బీసీ-సీ (క్రైస్తవులైన దళితుల విభాగం), దాని మీద ఉండేది పాత పేరు. నర్సింగుకో బీఎడ్‌కో పంపేటప్పుడు దరఖాస్తులో మఠం పేరు రాస్తే సీటు దగ్గర ఇబ్బంది.

స్టాంపు పేపరు:
ఆ ఇబ్బంది ఒక్క సీటుతో ఆగదు, కాస్త వివరంగా రాస్తాను.

పదో తరగతి మెమోలో సాధారణంగా అచ్చుతప్పులే దిద్దుతారు, కొత్త పేరు ఎక్కించరు. కాబట్టి మొదటి కాగితం ఎప్పటికీ పాత పేరుతోనే ఉంటుంది. తర్వాతివన్నీ దానికి సరిపోవాలి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. అమ్మాయి నోవిషియేట్‌కు రాగానే ఉత్సాహంగా ఆధార్ మార్పించారనుకోండి, ఒకటి అయిపోయింది. నోవిస్ (శిక్షణలో ఉన్న అమ్మాయి) ఎప్పుడైనా స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు (653వ సూత్రం). వెళ్ళి పాత పేరుకు మారితే రెండోదీ అయిపోయింది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలంటే ఇక గెజిట్ కాగితాలు పట్టుకుని తిరగాలి. తాత్కాలిక మాటపట్టు కాలమే 3 నుంచి 6 ఏళ్ళు, పొడిగిస్తే మొత్తం 9 దాకా. అంత కాలం తలుపు తెరిచి ఉంచాలని చట్టమే చెప్తుంటే, ప్రభుత్వ కాగితాల్లో మొదటి నెలలోనే తలుపు మూసెయ్యడం దేనికి?

జీతం వచ్చే సిస్టర్లకు ఇంకో చిక్కు. ఎయిడెడ్ బడుల్లో పనిచేసే సిస్టర్ల, ఫాదర్ల జీతంలోంచి టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) కోయాల్సిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కోత జమ అయ్యేది పాన్ మీద. పాన్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే లింకు కుదరదు. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) రిజిస్ట్రేషనుకు సొసైటీ ఆఫీస్ బేరర్ల ఆధార్ ఇవ్వాలి. తీర్మానంలో మఠం పేరు, ఆధార్‌లో ఇంటి పేరు అయితే ఇద్దరు వేర్వేరు మనుషుల్లా ఉంటుంది.

నిజంగా మార్చాలనుకుంటే నిత్య మాటపట్టు తర్వాత, ఒకేసారి, పూర్తిగా. నోటరీ ముందు అఫిడవిట్, రెండు పత్రికల్లో ప్రకటన (ఒకటి ఇంగ్లీషు, ఒకటి స్థానిక భాష), తర్వాత గెజిట్. ఆ తర్వాతే ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు. ఈ వరుస తలకిందులు చేసి ముందు బ్యాంకులో మార్పించేవాళ్ళే ఎక్కువ ఇరుక్కుంటారు.

మార్చకుండానూ గడుస్తుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో మారుపేర్లు ఉన్నాయా అని ఒక ప్రశ్న, పేరు ఎప్పుడైనా మార్చారా అని ఇంకో ప్రశ్న ఉంటాయి. మఠం పేరు మొదటి గడికి చెందుతుంది. రెండో దాంట్లో 'అవును' అని టిక్కు పెడితే గెజిట్ అడుగుతారు.

మల్లేశ్వరం మెట్లు:
ఇదంతా విన్నాక నా వాదనే గెలిచినట్టుంది.

స్టాంపు పేపరు:
లేదండీ. మఠంలో పిలుపు ఒకటి, కాగితంలో ఒకటి ఉండటం చట్టరీత్యా తప్పేం కాదు. వీలునామా ఉదాహరణ తీసుకోండి. 668వ సూత్రం ప్రకారం నిత్య మాటపట్టుకు ముందే, దేశ చట్టం ముందు చెల్లేలా రాయాలి. మన దగ్గర సంతకం, ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షికే ఏదైనా రాస్తే ఆ రాత చెల్లదు. పేరు దగ్గర "ఫలానా ఇంటిపేరు గల శౌరమ్మ, మఠంలో సిస్టర్ ఫలానాగా పిలవబడుతున్న నేను" అంటే చాలు. సంతకం మాత్రం బ్యాంకులో ఉన్నదే.

కార్మెలు గుమ్మం:
కాగితాల విషయంలో ఒప్పుకుంటున్నాను. సౌలు విషయంలోనూ. పేరు విషయంలో కాదు. ఎడిత్ స్టెయిన్ పేరు తెలిసినవాళ్ళకి తెరెసా బెనెడిక్టా కూడా తెలుసు, ఒకటి రెండోదాన్ని మింగలేదు. ఇక ఫ్రెంచి పేరు తప్పు ఎంచుకున్నవాళ్ళది, ఆచారానిది కాదు. 'సిలువ శౌరమ్మ' అని పెట్టుకోవడానికి ఎవరు అడ్డం? జ్ఞానస్నానం పేరూ నిలుస్తుంది, రహస్యమూ చేరుతుంది.

శౌరిబిడ్డ:
అలా పెట్టే సభ ఉంటే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం, ఎంపిక నిజంగా అమ్మాయిదేనా అన్నది. మూడు పేర్లూ పెద్దవాళ్ళు సూచించినవే అయితే ఆ కాగితం మీద ఆమె చేతిరాత ఒక్కటే ఆమెది.

మూడోగంట:
సరే, ఎంపిక ఆమెదే అనుకుందాం. మూడు పేర్లు రాసేముందు ఏం చూసుకోవాలి?

పాతరిజిస్టరు:
పండుగ తేదీ చూడాలి, ఎందుకంటే మఠంలో పుట్టినరోజు కంటే నామ పండుగే (ఆ పేరుగల పునీతుల పండుగే) పెద్దది. ఫిలోమినా మన ఊళ్ళలో బోలెడంత వాడుక, కానీ ఆ పండుగను 1961లోనే కేలండర్లలోంచి తీసేశారు. పాత పుస్తకాల తేదీలు నమ్మొద్దు, 1969 కేలండర్ సవరణలో చాలా తేదీలు మారాయి. అన్న అనే అమ్మాయి 1928 ఆగస్టు 2న ముసుగు తీసుకుని, ఆ రోజు అల్ఫోన్సస్ లిగోరి పండుగ కాబట్టి అల్ఫోన్సా అయింది, ఇప్పుడు మనకు పునీత అల్ఫోన్సమ్మ. ఆ లిగోరి పండుగ ఇప్పుడు ఆగస్టు 1. తోమాసుది డిసెంబరు 21 నుంచి జూలై 3కు వచ్చింది.

ఒకే పేరు ఇద్దరికి రాకుండా చూడాలి. కలకత్తా మదర్ తన పేరు ఫ్రాన్సు పునీత లిసియో తెరేజ్ నుంచి తీసుకున్నారు, తాను చేరిన లొరెటో సభలో ఆ పేరు అప్పటికే ఇంకొకరికి ఉండటంతో స్పెయిన్ వర్ణక్రమంలో తెరెసా అని రాసుకున్నారు. తెలుగులో రాస్తే ఇద్దరూ తెరెసమ్మలే అనుకోండి! మగ పునీతుల పేరు యథాతథంగా పెడితే టికెట్ల దగ్గర, ఆసుపత్రి చీటీల దగ్గర రోజూ సంజాయిషీ చెప్పుకోవాలి.

మూడోగంట:
నిత్య మాటపట్టు నమోదుకు సభ విచారణకు రాసే ఉత్తరం నమూనా ఇలా అనుకుంటున్నాను, దిద్దండి: "మీ విచారణలో (తేదీ) నాడు జ్ఞానస్నానం పొందిన (ఇంటిపేరు, జ్ఞానస్నానం పేరు), మా సభలో సిస్టర్ (మఠం పేరు), (తేదీ) నాడు (స్థలం)లో నిత్య మాటపట్టు చేశారు. 535వ సూత్రం ప్రకారం నమోదు చేసి, చేసినట్టు మాకు తెలియజేయగలరు."

పాతరిజిస్టరు:
తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, రిజిస్టరు నంబరు చేర్చండి. నోవిషియేట్‌కు వచ్చేటప్పుడు తెచ్చిన జ్ఞానస్నాన పత్రం మీదే ఆ నంబరు ఉంటుంది. ఒకే ఏడాది, ఒకే విచారణలో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు శౌరమ్మలు ఉండటం మన దగ్గర మామూలే.