బ్యాటరీ కొత్తదే, అయినా పొద్దున సెల్ఫ్ తిరుగుతలేదు (పాత ట్రాక్టర్)

జగిత్యాల రైతు:
అన్నలందరికి నమస్తే. మా బండి 2004 మోడల్, 35 హెచ్‌పీ, మూడు సిలిండర్లు. ఇంజిన్‌కు ఏ వంక లేదు, బాధంత ఛార్జింగ్‌తోనే. పాత బ్యాటరీ పోయిందనుకొని రెండు నెలల కింద కొత్తది ఏపిచ్చిన, వారం మంచిగనే నడిచింది, ఇప్పుడు మళ్ల అదే కథ, పొద్దున తాళం తిప్పితే టక్ టక్ అంటది తప్ప సెల్ఫ్ తిరగది, రోజు ఇద్దరు పోరగాళ్లను పిలిచి తోపిచ్చుడే అయితుంది. మెకానిక్‌కు చూపిస్తే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయింది కొత్తది ఏయాలె ఆరు వేలు అయితది అన్నడు, 500 అడ్వాన్స్ గూడ ఇచ్చొచ్చిన. ఇంకోటేందంటే ఎరువు బస్తాలు ఏసుకొని రోడ్డు మీద జోరుగ పోయొస్తే ఆ రోజు సెల్ఫ్ కొడ్తది, అదే పొలంల నిదానంగ కరిగట్టు దున్ని ఇంటికొస్తే డౌన్. మీటర్ బోర్డుల ఎర్ర లైట్ అయితే అసలు వెలుగుతనే లేదు, అంటే ఛార్జింగ్ అయితున్నట్టే గద?

నంద్యాల నుంచి:
అన్నా సింపుల్ టెస్ట్ ఉంది. బండి స్టార్ట్ చేసి నడుస్తా ఉన్నప్పుడే బ్యాటరీ వైరు ఒకటి పీకెయ్, లైట్లు అట్లే వెలుగుతా ఉంటే డైనమో మంచిదే. మా నాయన ఎప్పుడూ ఇట్లే చూసేవాడు.

తెనాలి ఎలక్ట్రీషియన్:
బాబ్బాబు, ఆ పని మాత్రం చెయ్యమాకండి. పైన తమ్ముడు చెప్పింది పాత డైనమోల కాలం ముచ్చట. ఆల్టర్నేటర్ బండికి నడుస్తుండగా బ్యాటరీ పీకితే ఓల్టేజీ ఒక్కసారిగా పైకి ఎగుస్తుంది, దాన్ని మింగటానికి బ్యాటరీ ఉండదు కదా, లోపల కరెంటుని ఒకే దిక్కుకి పోనిచ్చే డయోడ్లు, ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు కాలిపోతాయి. బాగున్న ఆల్టర్నేటర్‌ని ఇట్లా టెస్ట్ చేసి చంపేసి నా షాపుకి తెచ్చినవాళ్లు బోలెడుమంది.

ఇక జగిత్యాల అన్నా, ఎర్ర లైటు వెలగట్లేదంటే మంచిదే అనుకుంటున్నారు చూడండి, తేడా అక్కడే ఉంది. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందు ఆ లైటు వెలిగి తీరాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. ఆ బల్బు గుండా వెళ్ళే కొంచెం కరెంటే ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్‌కి మొదటి అయస్కాంతం పుట్టిస్తుంది, అది లేకపోతే తిరుగుతుంది గానీ కరెంటు తియ్యదు. బాగా రేజ్ ఇచ్చినప్పుడు మాత్రం లోపల మిగిలి ఉన్న కాస్త అయస్కాంతంతో ఎట్లాగో అందుకుంటుంది, అందుకే మీకు ఛార్జింగ్ రోడ్డు మీద ఎక్కి పొలంలో ఎక్కట్లేదు.

ఇట్లా చూడండి. ఇంజిన్ ఆఫ్, తాళం ఆన్. ఆల్టర్నేటర్ వెనక సన్న వైరు ఒకటి ఉంటుంది, అది ఊడదీసి ఇంజిన్ బాడీకి తాకించండి. లైటు వెలిగితే బల్బు, వైరు బాగున్నట్టు, లోపల రోటర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు గానీ రెగ్యులేటరు గానీ పోయినట్టు. వెలక్కపోతే బల్బో ఫ్యూజో వైరో. లావు వైరు మాత్రం పొరపాటున కూడా బాడీకి తాకించమాకండి, అది నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, మంటలు లేస్తాయి. ఒక మల్టీమీటర్ కొనుక్కోండి, రెండు మూడొందల్లో వస్తుంది. బెల్టు కూడా బొటనవేలితో నొక్కి చూడండి, అర అంగుళం లోపు దిగాలి, ఇంకా దిగితే జారుతున్నట్టే.

జగిత్యాల రైతు:
అన్నా మీరు చెప్పినట్టే చేసిన, లైట్ ఎలుగలే. బోర్డు ఇప్పి చూస్తే బల్బు మాడి నల్లగయ్యింది. మా తమ్ముడు ఎల్‌ఈడీ బల్బు ఏద్దాం కరెంటు తక్కువ తింటది అంటుండు, ఏయాల్నా?

తెనాలి ఎలక్ట్రీషియన్:
వద్దన్నా. తక్కువ తింటుందనేగా వద్దంటుంది! ఇక్కడ ఆ బల్బు కరెంటు తినాలి, ఎల్‌ఈడీ గుండా వెళ్ళేది రోటర్‌ని లేపటానికి చాలదు. పాతది ఏ వాట్ ఉందో అదే వెయ్యండి, మామూలుగా రెండు మూడు వాట్లది ఉంటుంది. వేశాక స్టార్ట్ చేసి బ్యాటరీ మీద ఓల్టేజీ ఎంతుందో చెప్పండి, 13.8 నుంచి 14.4 మధ్యలో ఉండాలి.

శ్రీకాకుళం నుంచి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా తాతగారి బండి ఇంకా పాతది, దానికి ఆల్టర్నేటర్ కాదు డైనమోనే, పక్కన కటౌట్ డబ్బా (బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపేది) ఉంది. అది కూడా ఛార్జ్ అవ్వట్లేదు. ఇదే టెస్ట్ చెయ్యొచ్చా?

తెనాలి ఎలక్ట్రీషియన్:
కాదండీ, దానిది వేరే లెక్క. డైనమో మీద రెండు టెర్మినల్స్ ఉంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. ఆ రెండు వైర్లూ ఊడదీసి, డి ఎఫ్ రెంటినీ చిన్న వైరు ముక్కతో కలిపి, మీటరు ఒక కొస అక్కడ, రెండో కొస బాడీకి పెట్టండి. స్టార్ట్ చేసి రేజ్ మెల్లగా పెంచితే ఓల్టేజీ గబగబా ఎక్కాలి, 20 దాకా పోనివ్వకుండా ఆపెయ్యండి. ఎక్కితే డైనమో మంచిదే, జబ్బు కటౌట్‌లోనో వైరింగ్‌లోనో ఉంది. అసలు ఏమీ రాకపోతే ముందు బ్రష్‌లు చూడండి. నాలుగైదు ఓల్టుల దగ్గర ఆగిపోతే ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్ట) మీద అనుమానపడాలి. ఇంకొకటి, ఆ కాలం బండ్లలో కొన్నిటికి ప్లస్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్‌నే బాడీకి బిగించాలి, బ్యాటరీ మార్చేటప్పుడు ఈ సంగతి తెలియక అందరిలాగే మైనస్ బాడీకి బిగించేస్తారు. మీదీ అట్లా మార్చారేమో కనుక్కోండి.

జగిత్యాల రైతు:
బల్బు ఏసిన. తాళం ఆన్ చేస్తే ఎలుగుతుంది, స్టార్ట్ చేస్తే ఆరుతుంది. కని బ్యాటరీ మీద 13.1 కంటే ఎక్కుత లేదు, పెద్ద లైట్లు ఏస్తే 12.5 కు దిగుతుంది. ఆల్టర్నేటర్ ఏసుడేనా ఇగ?

తెనాలి ఎలక్ట్రీషియన్:
ఆగండాగండి, ఆరు వేలు ఎక్కడికీ పోవు. ఇప్పుడు లైట్లు ఆపి, మీటరు ఎర్ర కొస ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టు మీద, నల్ల కొస ఆల్టర్నేటర్ బాడీ మీదే గీరి పెట్టండి. తర్వాత లావు బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కి, ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి విడివిడిగా చూడండి. అన్నీ ఇంజిన్ నడుస్తుండగానే. ఫ్యాన్ దగ్గర కండువా జాగ్రత్త.

జగిత్యాల రైతు:
ఆల్టర్నేటర్ మీదనే చూస్తే 14.1 ఉంది! ప్లస్ దిక్కు 0.1, మైనస్ దిక్కు 0.9.

తెనాలి ఎలక్ట్రీషియన్:
దొరికింది. ఆల్టర్నేటర్ తన పని తను చేస్తానే ఉంది, 14.1 తీస్తోంది, దాంట్లో దాదాపు ఒక ఓల్టు ఎర్త్ దారిలోనే పోతోంది. మైనస్ దిక్కు 0.2 దాటకూడదు. ఈ మధ్య బండికి పెయింట్ ఏమన్నా వేయించారా?

జగిత్యాల రైతు:
అన్నా మీకెట్ల ఎర్కయింది? దసరాకు పూజ జేద్దామని మొత్తం ఇప్పించి కొత్త రంగు కొట్టిపిచ్చిన.

తెనాలి ఎలక్ట్రీషియన్:
ఇంకేం, ఆల్టర్నేటర్‌ని పట్టుకునే బ్రాకెట్‌కి కూడా రంగు కొట్టేసుంటారు. రంగు మీద బోల్టు బిగిస్తే చూట్టానికి గట్టిగానే ఉంటుంది, కరెంటుకి మాత్రం దారుండదు. ముందు బ్యాటరీ మైనస్ తీసేసి, బ్రాకెట్ బోల్టులు విప్పి, ఆనే చోటల్లా ఉప్పుకాగితం పెట్టి ఇనుము మెరిసేదాకా గీకండి. బ్యాటరీ ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట కూడా అంతే.

ఖమ్మం నుంచి:
పనిలో పని ఒక మాట. కేజ్ వీల్స్‌కి గానీ కల్టివేటర్‌కి గానీ వెల్డింగ్ చేయించేటప్పుడు బండికి తగిలించి ఉంటే బ్యాటరీ వైర్లు రెండూ, ఆల్టర్నేటర్ వైర్లూ తీసేసి చేయించండి. నేను పోయినేడు బద్ధకించి అట్లాగే చేయించా, డయోడ్ ప్లేట్ పోయింది. పగలంతా బానే ఉండి తెల్లారేసరికి బ్యాటరీ డౌన్, ఎందుకో నెల రోజులు అర్థం కాలేదు. ఆపిన బండికి పొద్దున్నే చెయ్యేసి చూస్తే ఆల్టర్నేటర్ గోరువెచ్చగా ఉంది, రాత్రంతా కరెంటు దాంట్లోకే వెనక్కి కారింది మరి.

జగిత్యాల రైతు:
అన్నా దండాలు. బ్రాకెట్ ఇప్పితే ఎర్ర రంగు రెండు పొరలుంది, గీకి మళ్ల బిగించిన. ఇప్పుడు లైట్లు ఏసినా బ్యాటరీ మీద 13.9 చూపెడ్తుంది, లైట్లు ఆపితే 14.1. ఇగ ఆ 500 అడ్వాన్స్ వాపసిస్తడో లేదో చూడాలె.

తెనాలి ఎలక్ట్రీషియన్:
500 సంగతి నాకు తెలీదు గానీ, బ్యాటరీ ఇన్నాళ్లు సగం ఆకలితో ఉంది కదా, బండి మీదే నిండుతుందని వదిలెయ్యమాకండి. ఒకసారి బయట ఛార్జింగ్ షాపులో ఇచ్చి నెమ్మదిగా రాత్రంతా పెట్టించండి, సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ తగ్గితే పోయించండి, బోరు నీళ్లు వద్దు. పెట్టించి తెచ్చాక బండికి తగిలించకుండా ఒక పూట పక్కన పెట్టి చూడండి, 12.6 దగ్గర నిలబడితే బ్యాటరీ బతికే ఉంది. 12.2 కి పడిపోతే మాత్రం వారంటీ కాగితం వెతుక్కోండి.