నెలలు నిండని పాపకు పాలు పట్టడం, ఎన్‌ఈసీ భయం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొత్తపేట_అన్నయ్య:
అందరికీ నమస్కారం. మా చెల్లికి 30 వారాలకే కాన్పయింది. పాప 1250 గ్రాములు. కాకినాడలో ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉంది, ఇవాళ మూడో రోజు. సన్నటి ట్యూబు వేసి రెండు గంటలకోసారి 1 మి.లీ. పాలు పోస్తున్నారు. "పిచ్చుకపిల్లకైనా ఇంతకంటే ఎక్కువ పెడతారు" అని మా అమ్మ ఒకటే ఏడుపు. చెల్లికి ఇంకా పాలు సరిగా పడలేదు. తొందరపడితే ఎన్‌ఈసీ అనే పేగుల జబ్బు రావచ్చని డాక్టరు గారు అన్నప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డబ్బా పాలు తెచ్చిస్తానని బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

భీమవరం_నాన్న:
అన్నా, డాక్టరు గారు రాసివ్వకుండా డబ్బా కొనకండి. మా కవలలు 29 వారాలకు పుట్టారు. మాకూ 1 మి.లీ.తోనే మొదలుపెట్టారు. ఆ పాలు కడుపు నింపడానికి కాదు, పేగుకు పని అలవాటు చేయడానికి. బిడ్డకు కావలసిన బలం అప్పటిదాకా నరంలోంచి ఎక్కించే గ్లూకోజు, ప్రొటీన్లతో వెళ్తుంది. తట్టుకుంటోందని చూశాక రోజూ కొంచెం కొంచెం పెంచుతారు. అమ్మగారికి ఈ ముక్క చెప్పండి, మా అమ్మ కూడా అది విన్నాకే అన్నం తింది.

తణుకు_నర్సమ్మ:
బాబూ, నేను ముప్ఫయ్యేళ్లు పసిపిల్లల వార్డులోనే చేసి రిటైరయ్యాను. ఎన్‌ఈసీ అంటే పేగు గోడ వాచి, కొన్నిచోట్ల చచ్చుబడటం. ముదిరితే పేగుకు చిల్లు పడుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది. నెలలు నిండని బిడ్డ పేగు లేతగా ఉంటుంది, సూక్ష్మక్రిములను తట్టుకునే శక్తి ఉండదు. అందుకే అక్కడ తల్లిపాలు మందుతో సమానం. డబ్బా పాల మీద ఉన్న పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తుంది.

చెల్లికి పాలు పడలేదని ఊరుకోకండి. పిండకపోతే పడవు. రోజుకు కనీసం ఎనిమిది సార్లు, రాత్రి కూడా ఒకసారి లేచి పిండాలి. మొదటి రెండు మూడు రోజులు చేత్తో పిండటమే మేలు, ముర్రుపాలు చిక్కగా ఉండి మెషీన్‌లో అంటుకుపోతాయి. ముందు గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, వేళ్లు నల్లటి భాగానికి కాస్త వెనక ఉంచి, గుండె వైపు నొక్కి ముందుకు పిండాలి. చివరి చుక్కను కూడా సిరంజిలోకి లాగండి. అర మి.లీ. వచ్చినా ఇచ్చేయండి. ఆ చుక్కలను బిడ్డ బుగ్గల లోపల రాస్తారు కూడా. నా ఎదుటే ఒక తల్లి మూడు చుక్కలొచ్చాయని సిగ్గుపడి పారబోయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

లంక_అమ్మ:
నర్సమ్మ గారూ, అప్పట్లో మీలాంటివారు నాకుంటే బాగుండేది. మా బాబు 31 వారాల వాడు. మేం చేరిన చోట పాలు పిండాలని నాకెవరూ చెప్పలేదు, డబ్బా తెమ్మన్నారు. పదమూడో రోజు సాయంత్రం పొట్ట డోలులా బిగిసింది, చర్మం మెరిసింది. ట్యూబులోంచి వెనక్కి ఆకుపచ్చటి రసం వచ్చింది. మర్నాడు దొడ్డికి వెళ్తే నెత్తుటి జీర. అప్పుడే పాలు ఆపి, యాంటీబయాటిక్స్ పెట్టి, ఎక్స్‌రేలు తీశారు. పది రోజులు చుక్క పాలు లేవు. ఆపరేషన్ లేకుండా బయటపడ్డాడు. డబ్బా వల్లే వచ్చిందని నేను తేల్చి చెప్పలేను, తల్లిపాలు తాగే పిల్లలకూ వస్తుందట. కానీ ముందే పిండి ఇచ్చి ఉంటే అనే మాట ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది.

ఆ పది రోజుల్లో ఒక నర్సు పట్టుబట్టి నాచేత పిండించింది. అందుకే మళ్లీ మొదలుపెట్టినప్పుడు నా పాలే పోశారు.

తణుకు_నర్సమ్మ:
తల్లీ, ఆ తప్పు నీది కాదు.
బాబూ, ఆమె చెప్పిన గుర్తులు ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోండి. వాటితో పాటు బిడ్డ ఉన్నట్టుండి నీరసంగా పడి ఉన్నా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా, ఒళ్లు చల్లబడుతున్నా వెంటనే సిస్టర్‌ను పిలవండి. రౌండ్స్ దాకా ఆగకండి.

కొత్తపేట_అన్నయ్య:
చాలా థాంక్స్ అండి. మా పక్కింటావిడ బాలింత, పాలు బాగా పడతాయి, ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

తణుకు_నర్సమ్మ:
ఆవిడది మంచి మనసు. కానీ నేరుగా వద్దు. మిల్క్ బ్యాంకులో అయితే ఇచ్చేవారికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి లాంటి పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, మళ్లీ పరీక్షించి ఇస్తారు. ఆసియాలో మొదటిది 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో పెట్టారు. తల్లిపాలు చాలనప్పుడు రెండో దారి అదే. మీకు దగ్గర్లో ఎక్కడైనా దొరుకుతాయేమో డాక్టరు గారినే అడగండి.

భీమవరం_నాన్న:
పాలు మోసుకెళ్లే పని మీకూ పడితే ఇది వినండి. మా ఆవిడ ఇంట్లో, పిల్లలు విజయవాడలో. రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టె కొత్తది ఒకటి తెచ్చి, ఐస్ ప్యాకుల మధ్య సీసాలు నిలబెట్టేవాణ్ణి. సీసా మీద తేదీ, టైము, పాప పేరా బాబు పేరా రాయాలి. బయట అయితే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు అని మాకు చెప్పారు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. వేడి చేయాలంటే గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సీసా పెట్టాలి, పొయ్యి మీద కాచకూడదు.

రాజోలు_అమ్మమ్మ:
మా మనవరాలు ఇంటికొచ్చాక నేనే వస అరగదీయబోయాను. నా పిల్లలందరికీ పోశాను, ఏమీ కాలేదన్న ధీమా. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్, ఆఖరికి మంచినీళ్లు కూడా వద్దని. నా పిల్లలు నెలలు నిండి పుట్టినవాళ్లండీ, నెలలు నిండని బిడ్డ సంగతి వేరు. ఉగ్గుగిన్నె మాత్రం ఉంచమంది, ప్రతిసారీ మరిగే నీళ్లలో ఉడికించి దాంతోనే పిండిన పాలు పట్టమంది. పాలపీక వద్దంది. అమ్మగారికి నా మాటగా చెప్పండి.

కొత్తపేట_అన్నయ్య:
పదిహేనో రోజు. నాలుగో రోజుకే చెల్లికి పాలు పడ్డాయి. పాపను గుండెల మీద ఆనించుకుని కంగారూ కేర్‌లో కూర్చున్నాక ఇంకా బాగా చేపుతున్నాయి. మధ్యలో ఒక రాత్రి పొట్ట కొంచెం ఉబ్బింది. చెల్లి వెంటనే సిస్టర్‌ను పిలిచింది, ఎక్స్‌రే తీసి, ఒక రోజు పాలు ఆపారు. ఏమీ లేదన్నారు, మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు రెండు గంటలకు 14 మి.లీ. బరువు 1290. అమ్మమ్మ గారూ, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. అటక మీంచి మా చిన్నప్పటి ఉగ్గుగిన్నె దింపి చింతపండుతో తోముతోంది.