ట్రాబంట్ కారు గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా జర్మనీలోని కెమ్నిట్స్‌లో ఉంటున్నాను. మా పై అంతస్తు పెద్దాయనకు వచ్చే నెల 80 నిండుతాయి. తూర్పు జర్మనీ రోజుల్లో పదేళ్లకు పైగా ఎదురుచూసి ట్రాబంట్ 601 కొనుక్కున్నారట. బెర్లిన్ గోడ కూలాక అమ్మేశారు. ఇప్పటికీ ఆ కారు మాట ఎత్తితే చాలు, ఆయన ముఖం వెలిగిపోతుంది. పత్తి పీచు, రెసిన్ కలిపి చేసిన బాడీ, 26 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిన్, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయడం... వింటుంటే నాకు మా నాన్న పాత స్కూటర్ పొగ వాసన గుర్తొస్తుంది.

పుట్టినరోజున ఆయన్ను అదే మోడల్ కారులో, అది తయారైన జ్వికావ్ ఊరికి తీసుకెళ్లి, ఆగస్ట్ హోర్ష్ మ్యూజియం చూపించాలని ఉంది. ఈ చుట్టుపక్కల ట్రాబంట్ అద్దెకిచ్చేవాళ్లు ఎవరైనా తెలుసా? గేరు రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది కదా, మామూలు కార్లు నడిపినవాడికి ఎంతసేపట్లో అలవాటవుతుంది? చాలా వాటిలో పెట్రోల్ మీటరు కూడా ఉండదు, పుల్ల ముంచి చూడాలట. అదే టెన్షన్.

ఇంకొకటి. ఆయనకు తూర్పు జర్మనీ రాక్ బ్యాండ్ పూడీస్ పాటలంటే ప్రాణం. అప్పటి తూర్పు జర్మనీ రికార్డు కంపెనీ అమీగా వేసిన పాత రికార్డులు మంచివి ఎక్కడ దొరుకుతాయి? కొనేముందు ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.